ఒలికిన తేనీరు – వినియోగదారుని హక్కు

కార్తీక మాసంలో సముద్రస్నానానికి మైపాడు వెళ్లే దారి తెల్లవారక ముందే మేలుకుంటుంది. స్నానం ముగించుకొని, తడి బట్టలతో చలికి వణుకుతూ వచ్చేవారికి దారి పక్కనున్న టీ అంగడియే ఆశ్రయం. కిందటి కార్తీకంలో నేనూ అట్టి అంగడి ఒకదానిలో కూర్చొని ఉన్నాను. ఎదుటి బల్ల వద్ద ఒక కుటుంబం. తల్లి ఒడిలో నాలుగేళ్ల పాప. వడ్డించే కుర్రవాడు నాలుగు గ్లాసులను ఒకే చేతి వేళ్ల నడుమ ఇరికించుకొని, పాప తల మీదుగా చేయి చాచినాడు. స్నానాలు చేసి వచ్చినవారి కాళ్ల తడితో నేల జారుడుగా ఉన్నది. కుర్రవాని కాలు జారినది. రెండు గ్లాసుల వేడి టీ పాప కుడిచేతి మీద, తొడ మీద పడినది.

ఆ తరువాత జరిగినది మనమందరం ఎరిగిన తంతే. ఒకరు సిరా పోయమన్నారు. మరొకరు పళ్లపేస్టు పూయమన్నారు. తండ్రి కేకలు వేసినాడు. అంగడి యజమాని కుర్రవాని చెంప మీద ఒకటి కొట్టి, గల్లాపెట్టెలో నుండి ఐదు వందల రూపాయలు తీసి తండ్రి చేతిలో పెట్టినాడు. "పోనీలెండయ్యా, పాప ప్రాప్తం అట్లా ఉంది" అని ఒక పెద్దమనిషి తీర్పు చెప్పినాడు. అందరూ లేచి ఎవరి దారిన వారు వెళ్లిపోయినారు. నేనూ వెళ్లిపోయినాను.

రెండు నెలలు గడిచిన పిమ్మట ఆ తండ్రి నెల్లూరులో నాకు ఎదురుపడినాడు. పాప చేతి మీది గాయం మానినది గాని, చర్మం ముడుచుకొనిపోయి రెండు వేళ్లు చాపుటకు వీలు లేకుండా ఉన్నవట. శస్త్రచికిత్స అవసరమని వైద్యులు చెప్పినారట. "అయ్యా, ఆనాడు మీరు కూడా అక్కడే ఉన్నారు గదా. ఇప్పుడు మేము చేయగలిగినది ఏమైనా ఉన్నదా?" అని అడిగినాడు. ఆ ప్రశ్నకు సమాధానమే నేటి ఈ ప్రసంగం.

మొదట తేల్చుకొనవలసిన సంగతి ఒకటి ఉన్నది. టీ వేడిగా ఉండడమే తప్పా? కానే కాదు. చల్లారిన టీ ఇస్తే మనమే తిరగగొట్టి పంపుతాము. అయితే ఆ వేడి ఎంతటిదో తెలిసి ఉండడం మంచిది. 60 డిగ్రీల సెంటీగ్రేడు వేడి గల ద్రవం పెద్దల చర్మాన్ని సుమారు 5 సెకనులలో లోతుగా కాల్చగలదు. 70 డిగ్రీలైతే ఒక్క సెకను చాలును. పిల్లల చర్మం పలుచన గనుక వారికి అంతకంటె తక్కువ సమయం పడుతుంది. బాయిలర్ పక్కన అప్పుడే వడబోసిన టీ వేడి ఈ అంకెలను మించియే ఉంటుంది. కావున చట్టం అడిగే ప్రశ్న "ఎందుకు వేడిగా ఉన్నది?" అని కాదు. "ఇంత వేడి వస్తువును చేతపట్టినవాడు తగిన జాగ్రత్త వహించినాడా?" అని.

ఈ భేదం రెండు విదేశీ వ్యాజ్యాలలో చక్కగా కనిపిస్తుంది. 1992లో అమెరికాలోని ఆల్బుకర్కీ నగరంలో 79 ఏండ్ల వృద్ధురాలు మెక్‌డొనాల్డ్స్ వారి కాఫీ కొని, ఆగి ఉన్న కారులో కూర్చొని, కప్పును మోకాళ్ల నడుమ పెట్టుకొని మూత తీయబోయింది. కాఫీ ఒలికినది. ఆమె ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉండవలసి వచ్చినది; చర్మం అతుకు వేయవలసి వచ్చినది. ఆ కాఫీని 82 నుండి 88 డిగ్రీల వేడిలో ఇస్తున్నారనీ, కాలిన గాయాలను గురించి అంతకు ముందు పదేండ్లలో సుమారు 700 ఫిర్యాదులు వచ్చినవనీ విచారణలో బయటపడినది. 1994లో జ్యూరీ ఆమెకు 2 లక్షల డాలర్ల నష్టపరిహారం నిర్ణయించి, తప్పులో అయిదవ వంతు ఆమెది కూడా అని 1,60,000కు తగ్గించినది. దానికి తోడు 27 లక్షల డాలర్లు దండనగా విధించినది. ఈ దండనను న్యాయమూర్తి 4,80,000కు తగ్గించినాడు. పిదప ఉభయులు రాజీపడినారు. కాఫీ ఒలికించుకొని కోటీశ్వరురాలైనదని లోకం నవ్విన కథ వెనుక ఉన్న అసలు సంగతి ఇది.

ఇక 2002లో ఇంగ్లండు హైకోర్టు అదే సంస్థ మీద వచ్చిన అటువంటి దావాలను కొట్టివేసినది. వేడి పానీయం కోరి కొనేవారికి అది ఒలికితే కాలుతుందని తెలియకుండా ఉండదనీ, కప్పులు గట్టివనీ, మూతలు సరిగా అమరినవనీ, సిబ్బందికి తగిన శిక్షణ ఉన్నదనీ న్యాయస్థానం భావించినది. రెండు తీర్పులూ తూచినది ఒకే వస్తువును. అది జాగ్రత్త.

ఇప్పుడు మన చట్టం చూతము. 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం స్థానంలో 2019 చట్టం వచ్చి, 2020 జూలై నుండి అమలులో ఉన్నది. సేవలో నిర్లక్ష్యమూ, చేయవలసినది చేయకపోవడమూ "సేవాలోపం" అవుతవని ఈ చట్టం స్పష్టంగా చెప్పుచున్నది. నిర్లక్ష్యం వలన కలిగిన నష్టానికి, గాయానికి పరిహారం ఇప్పించే అధికారం జిల్లా కమిషనుకు ఉన్నది. తగిన సందర్భంలో దండనగా అదనపు మొత్తం కూడా విధింపవచ్చును.

పాప టీ కొనలేదు గదా, డబ్బు ఇచ్చినది తండ్రి గదా అని సందేహం రావచ్చును. కొన్నవాని అనుమతితో ఆ సేవను పొందేవారు కూడా వినియోగదారులే. మైనరు పక్షాన తల్లిగాని, తండ్రిగాని, సంరక్షకుడుగాని ఫిర్యాదు చేయవచ్చును. 1998లో ఒక ఆసుపత్రి వ్యాజ్యంలో సుప్రీంకోర్టు బిడ్డకూ, తల్లిదండ్రులకూ వేరువేరుగా పరిహారం కోరే హక్కు ఉన్నదని తేల్చినది. కాలు జారినది పనివానిదైనా బాధ్యత యజమానిది. పనివాని చెంప మీద కొట్టినంత మాత్రాన ఆ బాధ్యత తీరదు.

యజమాని పక్షాన కూడా చట్టం మాట్లాడుతుంది. అందరికీ తెలిసిన ప్రమాదాన్ని గురించి హెచ్చరించలేదని ఉత్పత్తిదారుని తప్పు పట్టరాదని అదే చట్టంలో ఉన్నది. టీ వేడిగా ఉంటుందని చెప్పలేదన్న వాదన నిలువదు. జారే నేల, పళ్లెం లేకుండా నాలుగు గ్లాసులు ఒక్క చేత పట్టుట, పసిబిడ్డ తల మీదుగా అందించుట, పార్సిల్ టీని పలుచని ప్లాస్టిక్ సంచిలో పోసి దారంతో కట్టి ఇచ్చుట, ఇటువంటివి చూపితే వాదన నిలుస్తుంది. కొన్నవాని అజాగ్రత్త కూడా ఉంటే ఆ మేరకు పరిహారం తగ్గవచ్చును.

పది రూపాయల టీకి వ్యాజ్యమా అని సంకోచించవద్దు. జిల్లా కమిషను అధికార పరిధిని నిర్ణయించేది మనం చెల్లించిన మొత్తమే గాని, కోరే పరిహారం కాదు. చెల్లించినది 50 లక్షలు మించనంత వరకు ఫిర్యాదు జిల్లా కమిషనుకే పోతుంది. 5 లక్షల లోపు అయితే రుసుము కూడా లేదు. ప్రమాదం జరిగిన చోటనే గాక, ఫిర్యాదుదారు నివసించే జిల్లాలో కూడా వేయవచ్చును. హైదరాబాదు నుండి మైపాడు చూడ వచ్చినవారు తిరిగి వెళ్లి తమ ఊరిలోనే వేసుకొనవచ్చునన్న మాట. గడువు రెండేండ్లు. న్యాయవాది లేకుండా స్వయంగా వాదించుకొనవచ్చును. స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా న్యాయసహాయం ఇస్తుంది. ఫిర్యాదుకు ముందు సలహా కావలసినవారు 1915 నెంబరుకు ఫోను చేయవచ్చును. మూడు నెలలలో తేల్చవలెనని చట్టం ఉద్దేశం. ఆచరణలో ఆలస్యం జరుగుతున్నది గనుక ఓపిక అవసరం.

వినియోగదారు కానివారి సంగతి వేరు. అంగడి ముందు నుండి నడచిపోతున్న బాటసారి మీద టీ పడినా, పెళ్లి పందిట్లో ఉచితంగా ఇచ్చిన కాఫీ ఒలికినా, వారు వెళ్లవలసినది సివిలు న్యాయస్థానానికి. నిర్లక్ష్యం తీవ్రమైనదైతే పోలీసులకు కూడా చెప్పవచ్చును. ఇతరుల ప్రాణానికిగాని, దేహానికిగాని అపాయం కలిగేటట్లు దురుసుగా, అజాగ్రత్తగా ప్రవర్తించి గాయపరచినవారికి 2024 జూలై నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 125వ సెక్షను శిక్ష విధిస్తున్నది. అయితే శిక్ష వేరు, పరిహారం వేరు. యజమాని జరిమానా కట్టినంత మాత్రాన బిడ్డ వైద్యం ఖర్చు రాదు.

గూడూరు, నెల్లూరు, కావలి మీదుగా సాగే రైళ్లలో పాత్ర చేతబట్టి టీ అమ్మేవారు నిత్యం తిరుగుతుంటారు. రైల్వే చట్టంలోని ప్రత్యేక పరిహారం రైలు నుండి జారిపడుట వంటి దుర్ఘటనలకు ఉద్దేశించినది. టీ ఒలికి కాలినవారికి సేవాలోపం కింద వినియోగదారుల కమిషనే తగిన మార్గం. రైలు నెంబరు, పెట్టె నెంబరు, అమ్మేవాని గుర్తింపు బిళ్ల నెంబరు వ్రాసుకొని, వెంటనే 139కి ఫిర్యాదు చేయుట మేలు.

గల్ఫ్ దేశాలకు విమానంలో వెళ్లేవారు మన తీరంలో ఎందరో ఉన్నారు. వారి కొరకు ఒక మాట. అంతర్జాతీయ విమానయానానికి మాంట్రియల్ ఒడంబడిక వర్తిస్తుంది. ఒక విమానంలో తండ్రి ముందున్న బల్ల మీది కాఫీ ఒరిగి ఆరేండ్ల బాలిక కాలినప్పుడు, కారణం విమానపు కుదుపేనని నిరూపింపవలసిన పని లేదనీ, అది "ప్రమాదమే" అవుతుందనీ 2019 డిసెంబరులో ఐరోపా న్యాయస్థానం తీర్పు చెప్పినది. అక్కడా గడువు రెండేండ్లే.

హక్కు ఎంత ఉన్నా, సాక్ష్యం లేనిదే అది చేతికి అందదు. మొదటి పని మాత్రం బిడ్డ ప్రాణం చూచుకొనుట. కాలిన చోట 20 నిమిషాల పాటు చల్లని నీటిధార పోయవలెను. ఉంగరాలు, గాజులు, తడిసిన బట్టలు మెల్లగా తీయవలెను. చర్మానికి అంటుకొన్న బట్టను లాగరాదు. సిరా, పేస్టు, నూనె, మంచుగడ్డ పనికిరావు. పిల్లలైతే తప్పక ఆసుపత్రికి తీసుకొని వెళ్లి, గాయం ఎట్లా కలిగినదో వైద్యునిచేత చీటీలో వ్రాయించవలెను. అటు పిమ్మట అంగడి, నేల, గ్లాసులు, గాయం ఫోటోలు తీయవలెను. ఆహార వ్యాపారులు ప్రదర్శింపవలసిన నమోదు పత్రం మీద యజమాని పేరు ఉంటుంది, అది గుర్తించవలెను. పక్కవారి పేర్లు, ఫోను నెంబర్లు తీసుకొనవలెను. చేతిఖర్చుకు ఇచ్చిన డబ్బు తీసుకొన్నా, "ఇక ఏ బాకీ లేదు" అన్న కాగితం మీద తొందరపడి సంతకం చేయరాదు.

ఆ తండ్రి వద్ద బిల్లు లేదు. వడ్డించిన కుర్రవాడు పని మాని ఎక్కడికో వెళ్లిపోయినాడు. ఇక ఏమున్నదని ఆయన నిట్టూర్చినాడు. కాని ఆనాడు టీకి చెల్లించిన నలభై రూపాయలు ఫోను ద్వారా చెల్లించినవే. తేదీ, సమయం, అంగడి పేరు అందులో పదిలంగా ఉన్నవి. ఆసుపత్రి చీటీ ఉన్నది. ఏ కాగితం మీదా సంతకం చేయలేదు. రెండేండ్ల గడువులో గడిచినది రెండు నెలలే.

కావలసినది కంటితో చూచిన సాక్షి. కమిషను సాక్ష్యాన్ని ప్రమాణపత్రాల రూపంలోనే చాలా వరకు స్వీకరిస్తుంది. ఆనాడు "ప్రాప్తం" అన్న మాట విని లేచి వెళ్లినవారిలో నేనూ ఒకడిని గనుక, ఆ ప్రమాణపత్రం నేనే వ్రాసి ఇచ్చినాను. తీర్పు ఇంకా రావలసి ఉన్నది. పాప వేళ్లు మరల చాచగలదా అన్నది వైద్యులు చూచుకొనవలసిన సంగతి. ఆ వైద్యం ఖర్చు ఎవరు భరించవలెనన్నది మాత్రం ప్రాప్తానికి వదలవలసిన సంగతి కాదు. ఇకముందు మన పక్కబల్ల వద్ద టీ ఒలికితే, లేచిపోయే ముందు మన పేరు, ఫోను నెంబరు వారికి ఇచ్చి పోదాము.