నిద్రకు యంత్రమా, నియమమా?

(పఠనమందిరమున గావించిన యుపన్యాసము)



గతవారము ఈ మందిరముననే యొక మిత్రుడు మమ్ము సమీపించి, ఆరేండ్లుగా మాత్ర వేసికొననిదే తనకు కన్ను మూతపడుట లేదనియు, మందు లేకయే మెదడునకు శిక్షణ మిచ్చి నిద్ర తెప్పించు యంత్ర మొకటి వచ్చినదని వినుచున్నాననియు చెప్పి, దానిని నమ్మవచ్చునా యని యడిగెను. ఆ ప్రశ్న ఆయన యొక్కనిదే కాదని తోచుటచే నేటి ప్రసంగమునకు దానినే విషయముగా గ్రహించితిమి.

మాత్రను విడువవలె నన్న కోరిక మిక్కిలి శ్లాఘనీయమైనది. బార్బిటాలు మొదలు, 1960లో వెలువడిన క్లోర్‌డయజిపాక్సైడు, 1963లో డయజిపాము, అటుపిమ్మట ఆల్‌ప్రజోలాము, జోల్‌పిడెము - ఒకదాని వెనుక నొకటి, ముందటి దానికన్న నిరపాయమను పేరుతోనే మనుష్యుల యిండ్లలో ప్రవేశించినవి. జోల్‌పిడెము సేవించినవారిలో కొందరు నిద్రలోనే నడచుటయు, బండి తోలుటయు కలదని 2019లో అమెరికా ప్రభుత్వము డబ్బాలపై హెచ్చరిక వేయించెను. మన దేశమున 2014 నుండి ఇట్టి మందులలో పెక్కింటిని వైద్యుని చీటి చూచి, పుస్తకమున వ్రాసికొనియే యమ్మవలెనను నిబంధన యున్నది. చీటి యడుగని దుకాణము ఏ వీధిలో నున్నదో మనలో పలువురకు తెలియును. తెలంగాణమున కల్లులో ఆల్‌ప్రజోలాము కలుపు దురాచారమును విననివా రెవరు? 2015లో ప్రభుత్వ మా కల్తీని కట్టడి చేయగా, నిజామాబాదు మొదలగు జిల్లాలలో కల్లునకు అలవాటుపడిన శ్రమజీవులు అనేకులు వణకుచు, పలవరించుచు ఆసుపత్రులకు చేరిరి. ఆ కూలివానిని బంధించినదియు, మన మిత్రుని బంధించినదియు ఒకే జాతి మందు. ఇట్టి పరాధీనత నుండి విముక్తి కోరు వానిని ఏమని నిరుత్సాహపరుపగలము?

ఇక యంత్రము మాట. జర్మనీ దేశమున యేనా పట్టణపు వైద్యుడు హాన్సు బెర్గరు 1924లో మనుష్యుని తలపై నుండి మెదడు పుట్టించు విద్యుత్తరంగములను తొలిసారి లిఖించి, 1929లో లోకమునకు ప్రకటించెను. అటుపిమ్మట లాసు ఏంజిలిసులో బ్యారీ స్టెర్మను అను శాస్త్రజ్ఞుడు పిల్లులపై పరిశోధన సాగించెను. పిల్లి మేల్కొనియే కదలక మెదలక కాచుకొని కూర్చున్నప్పుడు, సెకనునకు 12 మొదలు 15 పర్యాయములు వచ్చు నొక లయ దాని మెదడున కానవచ్చును. ఆ లయ కనబడిన తోడనే పిల్లికి పాలు దొరకునట్లు ఆయన యేర్పాటు చేసెను. పాలకొఱకై పిల్లి యేమి చేయదు? ఆ లయను తానే పుట్టించుకొనుట నేర్చినది. అట్లు నేర్చిన పిల్లుల నిద్ర మునుపటికన్న తక్కువగా చెదరినదని 1970లో ఆయనయు సహచరులును ప్రకటించిరి. నిద్రపట్టిన జీవి మెదడులో కానవచ్చు కొన్ని తరంగములును ఇంచుమించు ఈ లయకే చెందినవగుటచే, మనుష్యులకును దీనివలన నిద్ర కలుగునను ఆశ అచ్చటనే అంకురించినది. నేడు న్యూరోఫీడ్‌బ్యాకు అనునది యిదియే: తలకు తీగెలంటించి తెర యెదుట కూర్చుండబెట్టుదురు, కోరిన లయ హెచ్చినపుడు తెరపై బొమ్మ కదలును, లేదా గంట మ్రోగును. పిల్లికి పాలు, మనకు గంట!

ఆశ సహేతుకమైనదే. కాని ఆశ వేరు, ఋజువు వేరు. ఆస్ట్రియా దేశపు సాల్జుబర్గు విశ్వవిద్యాలయమున షాబుసు అను పండితుడును ఆయన సహచరులును నిద్రలేమి రోగులకు నిజమైన శిక్షణమును, అచ్చముగా దానివలెనే కనబడు ఉత్తుత్తి శిక్షణమును ఇచ్చి చూచి, ఫలితమును 2017లో బ్రెయిను అను వైద్యపత్రికలో ప్రచురించిరి. ఏది నిజమో యేది ఉత్తుత్తియో రోగి యెఱుగకుండ జాగ్రత్తపడిరి. నిద్ర మెఱుగైనదని రోగులు చెప్పిరి. అయితే ఉత్తుత్తి శిక్షణము పొందినప్పుడును అంతే మెఱుగైనదని చెప్పిరి! నిద్రను తరంగలేఖనముచే కొలిచి చూడగా మార్పు కనబడలేదు. ఒకరు శ్రద్ధతో మన గోడు విని, రేపు రమ్మని ఆదరించుటయే అచ్చట పనిచేసిన మందని తేలుచున్నది. ఆ యాదరణను మేము తక్కువ చేయము. కాని యంత్రమున కిచ్చు రుసుము 20 నుండి 40 పర్యాయములు చెల్లింపవలసి వచ్చునప్పుడు, గుమాస్తా తన జీతము నుండి తీసి ఇచ్చునది దేనికో తెలిసి యిచ్చుట న్యాయము. నరముల బలమునకని నానావిధ ద్రవ్యముల ప్రకటనలను పత్రికలవారమే వేసి డబ్బు గడించితిమి. కనుక ఈ మాట చెప్పు బాధ్యత మాపై మఱింత గలదు.

మందులేని మార్గము లేకపోలేదు. దీర్ఘకాలపు నిద్రలేమికి మాత్రకన్న ముందు, నిద్రకు సంబంధించిన నడవడిని, తలంపును సరిదిద్దు చికిత్సనే చేయవలెనని అమెరికను కాలేజి ఆఫ్ ఫిజిషియన్సు 2016లో వైద్యులకు ఉపదేశించెను. 1972లో బూట్జిను చెప్పినదియు, 1987లో స్పీల్మను చెప్పినదియు అందలి ప్రధానాంశములు. నిద్ర ముంచుకొని వచ్చినప్పుడే పడక చేరవలెను. కొంతసేపటికిని పట్టకున్నచో లేచి వేఱొక చోట కూర్చుండవలెను. పడకపై లెక్కలు, పత్రికలు, ఫోను కూడదు - మా పత్రికయు కూడదు. పగటి కునుకు మానవలెను. రాత్రి యెట్లు గడచినను తెల్లవారి లేచు వేళ తప్పరాదు.

వీనికన్న కఠినమైన దొకటి గలదు. రెండు వారములు నిద్ర లెక్క వ్రాసి చూడగా, ఎనిమిది గంటలు పరుండి అయిదున్నర గంటలే నిద్రించుచున్నట్లు తేలినదనుకొందము. అప్పుడు పడకపై అయిదున్నర గంటలే యుండవలెను: అయిదింటికి లేచువాడు పదకొండున్నరకు గాని నడుము వాల్చరాదు. నిద్ర ఆ కాలమును నిండించిన కొలది వారమునకు పావుగంట చొప్పున పెంచవలెను. అయిదు గంటలకు తగ్గింపరాదు. మొదటి దినములు దుర్భరముగా నుండును. అందుచే బస్సులు, లారీలు నడపువారును, మూర్ఛరోగులును, ఉన్మాదపు పొంగు గలవారును వైద్యుని యడుగక దీనికి పూనుకొనరాదు. గట్టిగా గురకపెట్టుచు, ఊపిరి నిలిచి త్రుళ్ళిపడువాని వ్యాధి వేఱు. దానికి పరీక్ష వేఱు.

మిత్రునకు మేము చెప్పినదియు నిదియే. అయితే ఆయన మా మాట విని సంతోషించి, ఆ రాత్రియే మాత్రల నన్నింటిని కాలువలో పాఱవైతు ననెను. వలదని చేయి పట్టుకొని యాపితిమి. ఏండ్ల తరబడి అలవాటైన డయజిపాము, ఆల్‌ప్రజోలాముల వంటి వానిని ఒక్కమాఱు నిలిపినచో మూర్ఛలు సైతము రావచ్చును, ప్రాణమునకే ముప్పు వాటిల్లవచ్చును. వైద్యుడు చూచుచుండగా, వారముల తరబడి, కొందరి విషయమున నెలల తరబడి, కొంచెము కొంచెముగా తగ్గించుకొనవలెను. మాత్ర చీటి చేతబట్టుకొని రేపు ఉదయము ఆయన తన వైద్యుని కడకు పోవుచున్నాడు.