'థాంక్యూ' తరువాతి మాట
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఉగాది పూట ఇంగ్లీషు మాటలను గురించి ఉపన్యాసమేమిటని కొందరికి తోచవచ్చును. మేము పండితులము కాము. మెట్రిక్యులేషనుతో చదువు ముగించి రైల్వేలో గుమాస్తా పనిలో కుదురుకొన్నవారము. అయితే అర్జీలు చదవడం మా వృత్తి. ఏ అర్జీ చివర చూసినా కృతజ్ఞతే ఉంటుంది. పైగా 1890ల దశకంలో బెజవాడ నుండి కటకం దాకా పడిన రైలు మార్గం వెంటనే మనవారెందరో ఈ ఒరిస్సా నేలకు వచ్చి స్థిరపడ్డారు. మన పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో ఒరియా, బడిలో ఇంగ్లీషు మాట్లాడుతున్నారు. ఏ భాషలోనైనా ముందుగా నేర్వవలసిన మర్యాద ఇదే గనుక ఈ విషయం ఎంచుకొన్నాము.

'థాంక్' అనే మాటకూ, ఆలోచించడమనే అర్థం గల 'థింక్' అనే మాటకూ మూలం ఒక్కటే. చేసిన మేలును మనసులో తలచుకోవడమే థాంక్. మన 'కృతజ్ఞత' కూడా అదే చెబుతున్నది. కృతము అంటే చేసినది. దానిని ఎరిగి ఉండడం కృతజ్ఞత. సముద్రాలు దాటినా మనుష్యుల మనసు ఒక్కటేనన్న మాట.

ఇక వాడుక. 'థాంక్యూ' అంటే 'ఐ థాంక్ యూ' అనే పూర్తి వాక్యానికి కురచ రూపం. 'థాంక్స్' అనేది నామవాచకం, బహువచనం. ఈ రెంటినీ కలిపి 'థాంక్స్ యూ' అనడం తప్పు. 'వెరీ థాంక్స్' కూడా తప్పే. 'మెనీ థాంక్స్' అనాలి, లేదా 'థాంక్యూ వెరీ మచ్' అనాలి. ఎవరైనా కాఫీ ఇవ్వబోయినప్పుడు ఉత్త 'థాంక్యూ' అంటే కప్పు చేతికి వస్తుంది. వద్దనుకొంటే 'నో, థాంక్యూ' అనాలి. ఎదుటివారు థాంక్యూ అన్నప్పుడు మనవారు 'నో మెన్షన్' అంటారు. అది మన దేశపు సృష్టి. 'డోంట్ మెన్షన్ ఇట్' గాని, 'యూ ఆర్ వెల్కమ్' గాని సరియైనది. ఉత్తరాల చివర మనం రాసే 'థాంకింగ్ యూ' సగంలో ఆగిపోయిన వాక్యం. దాని బదులు 'థాంక్యూ' అని రాస్తే చాలు.

'థాంక్‌ఫుల్', 'గ్రేట్‌ఫుల్' అనేవి అక్కచెల్లెళ్ళవంటి మాటలైనా స్వభావాలు వేరు. ఏదో ఆపద తప్పి 'బ్రతికిపోయాము' అనుకొన్నప్పుడు ఎక్కువగా 'థాంక్‌ఫుల్' నప్పుతుంది. ఒక మనిషి మనకు మేలు చేసినప్పుడు 'గ్రేట్‌ఫుల్' నప్పుతుంది. మనిషికి ముందు 'టు', మేలుకు ముందు 'ఫర్' పెట్టాలి: 'ఐ యామ్ గ్రేట్‌ఫుల్ టు యూ ఫర్ యువర్ హెల్ప్.' 'ఒబ్లైజ్డ్' అంటే కట్టుబడినవాడని మూలార్థం. మనం 'మీకు ఋణపడి ఉన్నాను' అంటామే, అటువంటిది. అయితే 'ఐ షల్ బి ఒబ్లైజ్డ్ ఇఫ్ యూ...' అని మొదలుపెడితే అది కృతజ్ఞత కాదు, పని అడగడం. పై అధికారి రాస్తే అందులో ఆజ్ఞ కూడా ధ్వనిస్తుంది.

ఇన్ని మాటలలో మాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచినది ఆ చిన్న 'ఫర్'. దాని తరువాత ఏమి రాస్తామో అదే అసలు సంగతి. ఇది మేము పుస్తకంలో నేర్చుకోలేదు.

కొన్నేళ్ళ క్రిందట, వేరొక ఊళ్ళో, మేము పదవీ విరమణ కాగితాలు చూసే బల్ల దగ్గర పనిచేసేవారము. ముప్పై యేళ్ళకు పైగా ఎండనక వాననక పట్టాల వెంట నడిచి దిగిపోయిన ఒక గాంగ్‌మన్ తన గ్రాట్యుటీ సంగతి కనుక్కొనడానికి వచ్చాడు. శ్రీకాకుళం వైపు మనిషి. ఆయన అర్జీ రెండు వారాలుగా మా బల్లమీదనే, వేరే ఫైళ్ళ అడుగున ఉన్నది. తప్పు ముమ్మాటికీ మాదే. తీసి చదివితే చివర ఇంగ్లీషులో, 'ఈ దయకు నేను జీవితాంతము తమకు గ్రేట్‌ఫుల్‌గా ఉందును' అని ఉన్నది.

"తాతా, ఇందులో ఏమి రాసి ఉన్నదో తెలుసునా?" అన్నాము.

"నాకేటి తెలుసు బాబూ! కోర్టుకాడ కూకున్నాయన రాసిచ్చాడు. తప్పేటైనా ఉందా?" అన్నాడు భయపడుతూ.

ఇంగ్లీషులో తప్పు లేదు. 'టు' సరిగానే ఉన్నది, 'ఫర్' సరిగానే ఉన్నది. కాని 'ఫర్' తరువాత ఉన్నది దయ. అది దయ కాదు, ఆయన కష్టార్జితం. గ్రాట్యుటీ, గ్రాటిట్యూడ్ — రెండు మాటలూ ఒకే లాటిను వేరునుండి పుట్టినవి. ఇంగ్లండులో హోటలు నౌకరుకిచ్చే ఇనామును కూడా గ్రాట్యుటీ అంటారు. ఒకప్పుడు యజమాని సంతోషించి ఇచ్చిన బహుమానమే అది. కాని కాలం మారింది. కర్మాగారాలు మొదలైన చోట్ల పనిచేసేవారికి 1972లో గ్రాట్యుటీ చట్టమే వచ్చింది. మా రైల్వేవారికి పింఛను నియమాలలోనే అది ఉన్నది. మాట పాతదే, అర్థం హక్కు అయినది. ఆ సంగతి ఆ తాతకు తెలియదు. తెలిసిన మేము చెప్పలేదు.

కాగితం ఆనాడే పైకి పంపాము. డబ్బు ముట్టిన తరువాత ఆయన మళ్ళీ వచ్చి, జీడిపప్పు పొట్లం బల్లమీద పెట్టి చేతులు జోడించాడు. పొట్లం తిరిగి ఆయన సంచిలోనే పెట్టాము. అప్పుడైనా, "ఇది నీ సొమ్మే తాతా, ఆలస్యం చేసినందుకు మమ్మల్ని మన్నించు" అని ఉండవలసినది. మా నోట వచ్చినది 'థాంక్యూ' ఒక్కటే. అలవాటు అటువంటిది! క్షమాపణ చెప్పుకోవలసిన చోట థాంక్యూ చెప్పి పంపించాము. ఆయన సంతోషంగా వెళ్ళిపోయాడు. మాకు మాత్రం ఆ మాట ఈనాటికీ గొంతులో ముల్లులా ఉన్నది.

అందుచేత యువకులకు మా మనవి. హక్కుగా రావలసినది అడిగేటప్పుడు మర్యాదగా రాయండి, 'థాంక్యూ' అని ముగించండి. 'మీ దయ' అని రాయకండి. దయ నిజంగా చూపినవారికి ఆ మాట దాచి ఉంచండి.

ఇక ఇంటి సంగతి. మొన్న మా అమ్మ అన్నం వడ్డిస్తే మా అమ్మాయి బడిలో నేర్పినట్లు 'థాంక్యూ' అన్నది. మా అమ్మ చిన్నబుచ్చుకొని, "నేనేటి పరాయిదాన్నా?" అన్నది. ఇద్దరిలో ఎవరిదీ తప్పు కాదు. మనలో మనకు థాంక్యూలు లేకపోవడం మనవారి ఆత్మీయత. కాని ఆ మిషతో జీవితమంతా మౌనంగా తిని లేచిపోవడం కూడా న్యాయం కాదు. మేము అమ్మాయితో, "థాంక్యూ మానెయ్యి, దాని తరువాతి మాట చెప్పు" అన్నాము. మరునాడు అది, "నాయనమ్మా, పప్పుచారు భలే ఉంది, ఇంకొంచెం వెయ్యి" అన్నది. ముసలామె మొహం వెలిగిపోయింది. చేసినది ఎరగడమే కృతజ్ఞత అని మొదట చెప్పుకొన్నాము గదా!

టెలిఫోనులో 'టి', 'క్యూ' అని రెండక్షరాలు నొక్కి ఊరుకొనేవారికీ ఇదే మా సలహా. ఇంకొక నాలుగు మాటలు చేర్చి, దేనికో చెప్పండి.

ఈ ఉదయం మా ఇంటి పచ్చడికి వేపపువ్వు పక్క క్వార్టరులోని ఒరియావారి చెట్టునుండి వచ్చింది. ఏటేటా వారే కోసి పంపుతున్నారు, ఏటేటా మేము పుచ్చుకొంటున్నాము. ఈ ఏడు పచ్చడి గిన్నె తీసుకొని వెళ్ళి, వారి భాషలోనే 'ధన్యబాద' చెప్పి, దేనికో కూడా చెప్పాలని సంకల్పించాము. మీ ఇళ్ళలోనూ అటువంటి చెట్టునీడ ఒకటి ఉండకపోదు. తలచుకోండి.

లోపలినుండి పులిహోర వాసన వస్తున్నా కదలకుండా కూర్చొని విన్నందుకు మీ అందరికీ థాంక్యూ.