బహ్లా కోట, మా మిద్దె

ఒమాన్‌లో కోటల ఫొటోలంటే మన వాళ్ళు ముందు మస్కట్ రేవుకే వెళ్తారు. సముద్రం మీద జలాలీ, మిరానీ కోటలు, పక్కన రాజభవనం. నా దగ్గరా అవి బోలెడున్నాయి. ఇవాళ చెప్పబోయేది మాత్రం సముద్రానికి దూరంగా, నిజ్వా దాటాక వచ్చే బహ్లా కోట గురించి.

రాతి పునాది మీద పచ్చి ఇటుకలతో కట్టిన కోట అది. బనూ నభాన్ వంశం వాళ్ళు 12 నుంచి 15వ శతాబ్దం చివరిదాకా అక్కడ ఏలారు. ఊరి చుట్టూ ఉన్న మట్టి ప్రాకారమే సుమారు 12 కిలోమీటర్లు. 1987లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. కానీ వాన పడ్డప్పుడల్లా గోడలు కూలుతుండటంతో మరుసటి ఏడాదే ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలోకి ఎక్కింది.

2003లో మా నాయన కడప జిల్లా నుంచి వస్తే అక్కడికి తీసుకెళ్ళాను. మరమ్మతులు సాగుతున్నాయి, లోపలికి పోనివ్వలేదు. ఎటు చూసినా పరంజాలు! ముప్పయ్యారు ఫొటోల రీలు పెట్టుకుని, కర్రలూ పనివాళ్ళూ పడకుండా ఎలా తియ్యాలా అని రోడ్డు మీద అటూ ఇటూ తిరుగుతున్నా. నాయన కోట వైపు చూడనే లేదు. కింద ఎండబెట్టిన ఇటుకల దగ్గర కూర్చుని, ఒకటి చేత్తో తడిమి, "వీళ్ళు మట్టికి మట్టే పూస్తాండారబ్బీ" అన్నాడు.

అంతే అన్నాడు. నాకు మాత్రం గుచ్చుకుంది. గల్ఫ్ డబ్బు చేతికొచ్చిన కొత్తలో, ఏటా మిద్దె మీద చౌడు పోసే బాధ తప్పుతుందని, గోడలకు సిమెంటు పూయించింది నేనే. వద్దన్నా వినలేదు. చెమ్మ బయటికి పోయే దారి లేక, నాలుగేళ్ళకు వెనక గోడ లోపల్లోపలే నాని కూలింది. దాని గురించి నాయన ఎన్నడూ నన్ను ఒక్క మాట అనలేదు.

2004లో బహ్లా ఆ ప్రమాద జాబితా నుంచి బయటపడింది. 2012లో సందర్శకులకు తెరిచారు. ఆ మరుసటి ఏడు మా అమ్మాయితో వెళ్ళాను. అప్పటికి నాయన లేడు. సాయంత్రం ఎండకు గోడలు బెల్లం రంగుకు తిరిగాయి. డిజిటల్ కెమెరా కదా, అమ్మాయి రెండొందలు తీసింది. అన్నీ బాగా వచ్చాయి.

ఇంటికొచ్చి పాత ఆల్బమ్ తీశాను. ముప్పయ్యారులో నాయన ఒక్కదాంట్లోనే ఉన్నాడు. అదీ ఓ మూల, భుజమూ తువ్వాలూ మాత్రమే. పరంజాలు లేని కోట మధ్యలో చక్కగా ఉంది.

మొన్న సెలవులకు ఊరెళ్ళి, మిద్దెలో మిగిలిన రెండు గదుల సిమెంటు పెచ్చులు ఊడగొట్టించాను. మట్టి పని తెలిసిన మేస్త్రి కోసం ఇంకా వెతుకుతున్నా.