‘బహుశా’ అంటే ఎంత?

అద్దె పుస్తకాల షాపునుంచి కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్ నవలలు తెచ్చుకుని, పొయ్యిమీద పోపు మాడుతున్నా తల ఎత్తకుండా చదివినవాళ్ళు మీలో చాలామందే ఉంటారు. అందుకనే ‘ఇంటెలిజెన్స్’ అన్న మాట చెవినబడగానే మనకు మారువేషాలూ, రహస్య లిపులూ, అర్ధరాత్రి కారు ప్రయాణాలూ గుర్తుకొస్తాయి. అలాంటిది ఇంట్లో పిల్ల వచ్చి, “అమ్మా, నేను యూనివర్సిటీలో ఇంటెలిజెన్స్ ఎనాలిసిస్ చదువుతాను” అంటే గుండె ఝల్లుమనదూ మరి? మొన్న మా వీధిలో ఒకావిడ, “పెళ్ళి కావలసిన పిల్లకు వేగులవాళ్ళ చదువేమిటండీ” అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆవిడకు చెప్పిందే మీకూ కాస్త వివరంగా చెబుతాను.

వేగు తేవడం ఒక పని. తెచ్చిన వేగులో తాలెంత, గింజెంత అని చెరిగి చూడడం ఇంకో పని. విశ్వవిద్యాలయాల్లో నేర్పేది ఈ రెండోది. దీన్ని విశ్లేషణ అంటారు. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఈరీ అనే ఊరుంది. అక్కడ 1926లో క్రైస్తవ సన్యాసినులు ఆడపిల్లల కోసం మెర్సీహర్స్ట్ అనే కాలేజీ పెట్టారు. 1969లో మగపిల్లల్ని కూడా చేర్చుకోవడం మొదలైంది. 1992లో ఎఫ్.బి.ఐ.లో పనిచేసి రిటైరైన రాబర్ట్ హైబెల్ అనే అధికారి అక్కడే ఈ విశ్లేషణను డిగ్రీ చదువుగా ప్రారంభించాడు. సన్యాసినులు పెట్టిన కాలేజీలో వేగుల పాఠాలు! విడ్డూరంగా ఉంది కదూ? కాని క్లాసులో పిల్లల ముందుండేవి దొంగ కాగితాలు కావు. పత్రికలు, ప్రభుత్వ లెక్కలు, పటాలు, కంపెనీల నివేదికలు - ఎవరికైనా దొరికేవే.

ఈ విద్యకు పితామహుడని షెర్మన్ కెంట్‌ను చెప్పుకుంటారు. ఆయన యేల్ విశ్వవిద్యాలయంలో చరిత్ర చెప్పే ఆచార్యుడు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ప్రభుత్వం పనిలోకి వెళ్ళాడు. 1951లో ఆయన బృందం యుగోస్లావియాను గురించి ఒక అంచనా రాసింది. సోవియట్ పక్షంవాళ్ళు ఆ ఏడాది దాని మీద దండెత్తుతారా, లేదా అన్నది ప్రశ్న. ‘దాడి జరిగే అవకాశాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు’ అనే అర్థం వచ్చేటట్టు రాశారు. కొన్నాళ్ళకు విదేశాంగశాఖ అధికారి ఒకాయన, “ఇంతకీ ఆ మాటకర్థమేమిటండీ?” అని అడిగాడు. “నా లెక్కలో నూటికి అరవై అయిదు పాళ్ళు జరుగుతుందని” అన్నాడు కెంట్. ఆ అధికారి నిర్ఘాంతపోయాడు. వాళ్ళ ఆఫీసులో అందరూ అంతకన్నా బాగా తక్కువనే అనుకున్నారట. కెంట్‌కు అనుమానం వచ్చి, తన బృందంలోవాళ్ళనే ఒక్కొక్కరిని అడిగి చూశాడు. ఒకరు ఎనభై పాళ్ళన్నారు, ఇంకొకరు ఇరవై అన్నారు! అందరూ కూర్చుని చర్చించి, సరేనని ఒప్పుకున్న వాక్యమే అది.

ఆ దాడి జరగలేదనుకోండి. కాని ఒక దేశం సైన్యాన్ని కదల్చాలా వద్దా అన్నది ఆ ఒక్క మాట మీద ఆధారపడి ఉంటే?

మన ఇళ్ళలో చూడండి. “ఆడపడుచు పండక్కి రావచ్చు”, “వస్తుందేమో”, “వచ్చినా వస్తుంది”, “రాకేం చేస్తుంది” - ఈ నాలుగింటికీ ఎసట్లో ఎన్ని గిద్దల బియ్యం పోయాలి? కెంట్ చేసిన పని ఇదే. 1964లో ఒక వ్యాసం రాసి, ‘బహుశా’ అంటే నూటికి 75 దరిదాపు, ‘దాదాపు ఖాయం’ అంటే 93 దరిదాపు, ‘చెరిసగం’ అంటే 50 అని మాటలకు కొలతలు పెట్టాడు. అంకెలొద్దని గొడవపెట్టిన వాళ్ళకు ఆయన ‘కవులు’ అని పేరు పెట్టాడు. కవులంటే మనకు గౌరవమే గాని, బియ్యం కొలిచేటప్పుడు వాళ్ళ మాట వినలేం. అలాగని అంకె వేసినంత మాత్రాన అంచనా నిజమైపోదనీ నేనంటాను. అంకె ఉంటే, తప్పయిందో ఒప్పయిందో తర్వాత సరిచూసుకోవచ్చు, అంతే.

ఇంకో పాఠం చెబుతాను. పెళ్ళి సంబంధానికి వాకబు చేస్తాం. నలుగురు “కుర్రాడు బుద్ధిమంతుడు” అంటారు. తీరా ఆరా తీస్తే ఆ నలుగురికీ చెప్పింది ఒకే పెళ్ళిళ్ళ పేరయ్య! అది నాలుగు సాక్ష్యాలా, ఒకటా? 2003లో ఇరాక్ యుద్ధానికి ముందు సరిగ్గా ఇదే జరిగింది. లారీల మీద తిరిగే విషక్రిముల ప్రయోగశాలలున్నాయని దాదాపు వంద నివేదికలు వచ్చాయి. అవన్నీ జర్మనీలో తలదాచుకున్న ఒక ఇరాకీ మనిషి చెప్పినవే. యుద్ధానికి ముందు సి.ఐ.ఎ. వాళ్ళు అతణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నించనైనా లేదు. తర్వాత వెతికితే ఆ లారీలు ఎక్కడా దొరకలేదు. అబద్ధం చెప్పానని 2011లో అతనే ఒప్పుకున్నాడు. ఈలోగా ఎందరు తల్లులకు కడుపుకోత మిగిలిందో!

రిచర్డ్స్ హ్యూయర్ అని సి.ఐ.ఎ.లో చాలా ఏళ్ళు పనిచేసినాయన ఉండేవాడు. 1999లో వచ్చిన ఆయన పుస్తకం ఈ చదువుకు పెద్దబాలశిక్ష లాంటిది. అందులో జ్వరం సంగతి ఉంది. ఒళ్ళు కాలిపోతోందంటే జబ్బు చేసిందని తెలుస్తుంది గాని, ఏ జబ్బో తెలియదు. మలేరియాకీ జ్వరమే, టైఫాయిడ్‌కీ జ్వరమే. కనక అన్నిటికీ సరిపోయే ఆధారాన్ని పట్టుకుని మురిసిపోకుండా, ఏ ఆధారం ఏ ఊహను కొట్టివేస్తుందో చూడమంటాడు.

ఈ రంగంలో స్త్రీలు లేరనుకునేరు. 1941 డిసెంబర్ 7న జపాన్ పెర్ల్ హార్బర్ మీద దాడి చేస్తే, అమెరికాకు ముందు తెలియలేదేమని అందరూ అడిగారు. రాబర్టా వోల్‌స్టెటర్ అనే ఆవిడ ఆ కాగితాలన్నీ తిరగేసి 1962లో పుస్తకం రాసింది. సూచనలు లేక కాదు, అక్కరలేని సమాచారపు హోరులో అవి వినబడలేదు అని తేల్చింది. పెళ్ళిపందిట్లో మేళం మోగుతుంటే ఉయ్యాల్లో పిల్ల ఏడుపు ఎవరికి వినబడుతుంది? మనకూ 1999లో కార్గిల్ అనుభవమైంది. కె. సుబ్రహ్మణ్యంగారి కమిటీ, వేగు సేకరించడంలోనే కాక అన్నీ ఒకచోట చేర్చి చూడడంలోనూ లోపముందని చెప్పింది.

ఇక ఖర్చు సంగతి. అమెరికా ప్రభుత్వ వేగు సంస్థల్లో ఉద్యోగానికి ఆ దేశ పౌరులై ఉండాలి. మన పిల్లలకు ఆ తలుపు మూసే ఉంటుంది. ఇల్లు తాకట్టు పెట్టి పంపేవాళ్ళు ఇది ముందే తెలుసుకోవాలి. బ్యాంకుల్లో మోసాలు పట్టే విభాగాలు, కంప్యూటర్ భద్రత చూసే కంపెనీలు ఇలాంటి చదువున్నవాళ్ళను తీసుకుంటాయి. అమ్మాయి పట్టుబడితే, గణాంకశాస్త్రం ఉందా, పరభాష ఒకటి నేర్పుతారా అని కనుక్కోండి. కాలేజీవాళ్ళకు ఉత్తరం రాయించి, అక్కడి విద్యార్థులు తయారుచేసిన నివేదిక ఒకటి నమూనాకు పంపమనండి. అది వచ్చాక పై వరసలు చదవండి. ఏం జరుగుతుందనుకుంటున్నారో, ఎంత నమ్మకంగా అనుకుంటున్నారో అక్కడే రాసి ఉండాలి.