ఒకే కంప్యూటరు, రెండు వ్యవస్థలు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



గద్వాల చీర నెరుగనివారు ఈ నడిగడ్డలో నుండరు. దాని ఒడలు నూలు. అంచును, కొంగును పట్టు. రెండింటి స్వభావములు వేరు. అయినను నేతగాడు అవి కలియుచోట పోగుతో పోగును పెనవేసి ఒకే వస్త్రముగా చేయుచున్నాడు. నేర్పంతయు ఆ కూడలియందే యున్నది. ఒకే కంప్యూటరునందు రెండు ఆపరేటింగ్ సిస్టములను నిలుపుటయు నట్టి పనియే.

ఆపరేటింగ్ సిస్టమనగా యంత్రమును నడిపించు మూలవ్యవస్థ. అది లేనిచో మీట నొక్కినను యంత్రము మన పనులు చేయజాలదు. మనకు పరిచితమైన విండోస్ ఒకటి. 1991లో ఫిన్లాండు విద్యార్థియగు లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్స్ మరియొకటి. లినక్స్‌ను వెల యీయకయే పొందవచ్చును, పదుగురితో పంచుకొనవచ్చును. హైదరాబాదునందలి ‘స్వేచ్ఛ’ సంస్థ దానిని తెలుగుతెరతో రూపొందించినది.

ఒక ఒరలో రెండు కత్తు లిముడునా యని యడుగువారు కలరు. ఇముడవు. కాని యిచ్చట ఒక సమయమున ఒకటియే మేల్కొనియుండును; రెండవది తన గదిలో నిద్రించును.

ఇక రెండేల? గ్రామ గ్రంథాలయమునకు సాధారణముగ నుండునది ఒకే కంప్యూటరు, అదియు పాతది. అందలి విండోస్ 10కు సాధారణ రక్షణ సవరణలు 2025 అక్టోబరు 14తో నిలిచిపోయినవి. విండోస్ 11ను పెట్టుటకు పాతయంత్రములు పెక్కు చాలవు. కావున ఆ విండోస్‌తో ఇంటర్నెట్టున తిరుగుట అపాయము. అట్లని దానిని చెరిపివేయుదమా? ఏండ్ల తరబడి అను ఫాంట్లతో కూర్చిన కరపత్రములు, నివేదికలు, సంచికలు అందే యున్నవి. ఆ అక్షరములు యూనికోడువి కావు. ఆ ఫాంట్లు లేని యంత్రమున తెరచినచో అర్థములేని గుర్తులుగా కనబడును. అందుచేత పాతపత్రములకు ఇంటర్నెట్టు తెగిన విండోస్, విద్యార్థుల చదువునకు లినక్స్, రెండును ఉండవలెను.

పని క్రమమిది. మొదట సమస్త ఫైళ్లకు వేరొక డిస్కుపై ప్రతి తీయవలెను. ఇది చేయనివాడు తక్కినది చేయరాదు. పిమ్మట విండోస్‌లోని ఫాస్ట్ స్టార్టప్‌ను ఆపి, బిట్‌లాకర్ తాళమున్నచో దాని సంకేతమును కాగితముపై వ్రాసికొని, విండోస్ భాగమును దాని సాధనముతోనే కుదించి ఖాళీ చేయవలెను. కరెంటు పోయిన అనర్థము గనుక యు.పి.ఎస్. అవసరము. తదుపరి పెన్‌డ్రైవునుండి లినక్స్‌ను స్థాపించునపుడు ‘విండోస్ ప్రక్కన’ అను మార్గమునే యెన్నుకొనవలెను. ‘డిస్కు నంతయు చెరుపుము’ అనుదానిని తాకరాదు. విండోస్ ముందు, లినక్స్ వెనుక అనునది మేలైన వరుస. ఏలయన వెనుక వచ్చిన విండోస్ తన ద్వారమునే ముందు నిలుపుకొనును. ఇట్లు చేసినచో యంత్రమును వెలిగించినప్పుడెల్ల ‘గ్రబ్’ అను ద్వారపాలకుడు ఏది కావలెనని యడుగును.

గడియారమున ఐదున్నర గంటల తేడా కనబడిన భయపడ నక్కరలేదు. విండోస్ యంత్రపు గడియారమును స్థానికకాలముగ చదువును. లినక్స్ దానిని విశ్వకాలముగ నెంచును. లినక్స్‌ను స్థానికకాలమునకు మార్చిన సరిపోవును.

పండితపోషణచే ‘విద్వద్గద్వాల’ యని పేరొందిన సీమ ఇది. తాటాకు శిథిలము కాకమునుపే పూర్వులు దానికి ప్రతి వ్రాసికొనిరి. నేటి యువకుల విధియు నదియే. ఆ పాత విండోస్ ఇంకను మేల్కొనగలిగినంత కాలములోనే అందలి తెలుగును యూనికోడులోనికి మార్చి రెండు చోట్ల భద్రపరుపవలెను. అది ముగిసిననాడు రెండవ వ్యవస్థ లేకున్నను గ్రంథాలయమునకు లోటుండదు. ముగియకమున్నే యంత్రము చెడినచో ఆ యక్షరములను మరల తెచ్చుట కష్టమగును.