వైద్య గ్రంథపాలకుని నిత్యవిద్య



గ్రంథాలయ రజతోత్సవ సమయమున గ్రంథములను గూర్చియు, దాతలను గూర్చియు, భవనమును గూర్చియు పలువురు ప్రసంగించుట ఉచితమే. గ్రంథపాలకుని చదువును గూర్చి తలంచువారు మాత్రము అరుదు. అలమారు తెఱచి పుస్తకము చేతికిచ్చువానికి వేఱుగ చదువేల యని లోకము అనుకొనును. ఆ తలంపు ఎంత ప్రమాదకరమో తెలియవలెనన్న వైద్య గ్రంథాలయముల వంక చూడవలెను. అచట గ్రంథపాలకుని నేర్పు అక్కఱకు రాకపోయినచో మనుష్యుని ప్రాణమునకే ముప్పు వాటిల్లవచ్చును. ఆ గ్రంథపాలకులు తమ విద్యను ఎట్లు సంపాదించిరో, దానిని ఎట్లు పెంచుకొనుచున్నారో విచారించుటయే ఈ ప్రసంగమునకు విషయము.

చరకసంహితయందు విమానస్థానమున ఎనిమిదవ అధ్యాయములో విద్యాభివృద్ధికి మూడు ఉపాయములు చెప్పబడినవి. మొదటిది అధ్యయనము. రెండవది అధ్యాపనము. మూడవది తద్విద్యసంభాష, అనగా ఒకే విద్య నెఱిగినవారు కూడి చర్చించుకొనుట. అధ్యయనమునకు ముందు శాస్త్రమును పరీక్షించి ఎన్నుకొనవలెననియు, లోకమున వైద్యశాస్త్రములు పెక్కు ప్రచారమున నున్నవనియు అచటనే కలదు. చదువువానికి ఆ పరీక్షయందు సాయపడుటయే గ్రంథపాలకుని పని. కావున వైద్యునకు విధించిన ఈ మూడు మార్గములు, వైద్యునకు గ్రంథము నందించువానికిని చెల్లును.

అమెరికా దేశమున బాల్టిమోరు నగరము ఇందుకు నిదర్శనము. 1896లో అచటి వైద్యుల సంఘము వారి గ్రంథాలయమునకు మార్సియా నోయిస్ అను యువతి గ్రంథపాలకురాలిగా వచ్చెను. ప్రసిద్ధ వైద్యుడు విలియం ఆస్లరు ఆమెను పిలిపించెను. అంతకుముందు ఆమె పౌరగ్రంథాలయమున పనిచేయుచుండెను. వైద్యశాస్త్ర పరిచయము ఆమెకు లేదు. వైద్య గ్రంథపాలకత్వమును నేర్పు పాఠశాల కాని, పరీక్ష కాని నాడు లేవు. గ్రంథముల నడుమ మెలగుచు, వైద్యుల ప్రశ్నలు వినుచు, ఆమె ఆ విద్యను స్వయముగా గడించెను. 1909లో క్రొత్త భవనము ఏర్పడిన పిదప దాని పైఅంతస్తుననే నివసించి, వేళకాని వేళ వచ్చిన వైద్యునకును గ్రంథము దొరకునట్లు చేసెను. 1946లో మరణించు వఱకు అర్ధశతాబ్ది కాలము ఆమె ఆ కొలువుననే యుండెను.

ఒంటరిగా నేర్చుకొనువారికి తోడు కావలెనను తలంపుతో 1898లో ఫిలడెల్ఫియాయందు నలుగురు వైద్యులును నలుగురు గ్రంథపాలకులును కూడి ఒక సంఘమును స్థాపించిరి. నోయిస్ వారిలో ఒకతె. ఒక గ్రంథాలయమున రెండేసి యున్న పత్రికాసంచికలను లేనివారికి పంచుకొనుట వారి తొలి కార్యము. తరువాత వైద్య గ్రంథాలయ సంఘమను పేరుతో అది వర్ధిల్లెను. తొలి దశాబ్దములయందు అధ్యక్షులు వైద్యులే. 1933లో వైద్యురాలు కాని నోయిస్ ఆ పీఠము నధిష్ఠించెను. స్త్రీలలోను ఆమెయే ప్రథమురాలు. 1949లో ఆ సంఘము వైద్య గ్రంథపాలకుల శిక్షణమునకును యోగ్యతాపత్రమునకును నియమము లేర్పఱచెను. 1989లో ఆరోగ్య సమాచార వృత్తినిపుణుల కొఱకు ఒక అకాడమీని నెలకొల్పెను. దాని సభ్యత్వము శాశ్వతము కాదు. గడువు తీరునప్పటికి తాను క్రొత్తగా ఏమి నేర్చెనో, ఏమి బోధించెనో, ఏమి వ్రాసెనో చూపి సభ్యుడు దానిని నిలుపుకొనవలెను.

ఒకమాఱు సంపాదించిన యోగ్యతను మఱల మఱల నిరూపింపవలెనన్న ఈ కట్టడి కఠినముగ తోచవచ్చును. అది ఏల అవసరమో అదే బాల్టిమోరు నగరమున 2001లో జరిగిన సంఘటన తెలుపును. జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమున ఉబ్బసమునకు సంబంధించిన పరిశోధన జరుగుచుండెను. ఆరోగ్యముగా నున్న 24 ఏండ్ల యువతి యొకతె స్వచ్ఛందముగా అందు పాల్గొని, హెక్సామెథోనియం అను మందును పీల్చెను. ఆమె ఊపిరితిత్తులు చెడి జూన్ 2వ తేదీన మరణించెను. పరిశోధకుడు ముందుగా కంప్యూటరు ద్వారా వైద్యవ్యాసముల సూచికను వెదకియే యుండెను. కాని ఆ సూచిక నాడు 1966 మొదలుకొని వెలువడిన వ్యాసములనే చూపుచుండెను. ఆ మందు ఊపిరితిత్తులకు చేయు హాని 1950 దశకపు వ్యాసములలో ఉండెను. వాటి జాడ పూర్వపు ముద్రిత సూచికలయందు గలదు.

పాత దస్తావేజులు చూడక భూమి కొనరాదని పల్లెలో ప్రతివాడు ఎఱుగును. సూచిక ఎచట మొదలగునో, దానికి వెనుక ఏ గ్రంథము వెదకవలెనో తెలిసిన గ్రంథపాలకుని అడిగియున్నచో ఫలితము వేఱుగ నుండెడిదని వైద్య గ్రంథపాలకులు ఆ సంఘటన తరువాత ఎత్తిచూపిరి. అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయము క్రమముగా 1946 వఱకు వెనుకటి వ్యాసముల వివరములను కంప్యూటరు సూచికలో చేర్చినది. అంతమాత్రమున పని తీరలేదు. సూచికలు మాఱుచుండును, మాఱినదానిని నేర్వనివాడు నిరుటి అడంగలు చూచి ఈ యేటి పైరు చెప్పినవాడగును.

కనుక మొదటి మార్గము అధ్యయనము. గ్రంథాలయశాస్త్ర పట్టము దానికి ఆరంభము మాత్రమే. రాజయక్ష్మ, క్షయ, టి.బి. అని ఒకే వ్యాధికి మూడు పేర్లున్నచో, ఒక పేరుతో వెదకువానికి తక్కిన రెండును చిక్కవు. ఈ చిక్కును తీర్చుటకే ఆ జాతీయ వైద్య గ్రంథాలయము 1960లో వైద్యవిషయ శీర్షికల పట్టికను ప్రకటించినది. అది ఏటేట సవరింపబడును. ఆ సవరణలను తెలిసికొనుట, ఏ పరిశోధనకు ఎంత బలము గలదో తూచుట, ఒక చికిత్సను గూర్చిన సాక్ష్యమునంతయు వదలక వెదకుట నేటి శిక్షణములలోని ముఖ్యపాఠములు. 2011లో అమెరికా వైద్యసంస్థ ప్రకటించిన ప్రమాణములు, అట్టి సమగ్రసమీక్షలకు వెదకు పద్ధతిని శిక్షణ పొందిన గ్రంథపాలకునితో కలిసి నిర్ణయింపవలెనని చెప్పినవి.

రెండవ మార్గము అధ్యాపనము. వైద్య విద్యార్థులకును నర్సులకును వెదకుట నేర్పు గ్రంథపాలకుడు, వారి ప్రశ్నలచే తన లోపమును తాను గుర్తించును. 1971లో కాన్సాస్ నగరమున గెర్ట్రూడ్ లాంబ్ అను విదుషీమణి గ్రంథపాలకులను వైద్యులతో గూడ రోగుల పడకల యొద్దకు పంపు పద్ధతిని ప్రారంభించెను. ప్రశ్న పుట్టిన చోటనే దానిని వినుట అందలి మేలు. 1992లో ప్రకటింపబడిన రోచెస్టరు పరిశీలనయందు 208 మంది వైద్యులు ప్రత్యుత్తరమిచ్చిరి. గ్రంథాలయము అందించిన సమాచారముచే తమ చికిత్సలో ఏదో యొక అంశమును మార్చుకొంటిమని వారిలో నూటికి 80 మంది తెలిపిరి.

మూడవ మార్గము తద్విద్యసంభాష. చరకము దీనిని సంధాయసంభాష, విగృహ్యసంభాష అని విభజించినది. మైత్రితో చేయునది మొదటిది. గెలుపు కోరి చేయునది రెండవది. మైత్రీచర్చయందు నిస్సంకోచముగా అడుగవలెననియు, ఓటమికి జంకరాదనియు, ఎదుటివాని ఓటమికి పొంగరాదనియు అందలి భావము. వార్షికసభలు, వృత్తిపత్రికలు, అనుభవజ్ఞుడు క్రొత్తవానికి దారి చూపుట, ఒకరు రచించిన వెదకు పద్ధతిని మఱియొకరు పరీక్షించుట ఈ కోవకు చెందినవి. తన పనిని తోటివానికి చూపుటకు సిగ్గుపడనివాని దోషము రోగి వఱకు పోకముందే దొరకును.

ఈ మార్గములు తెలిసినను నడచుట అందఱకు సులభము కాదు. ఒక్కడే గ్రంథపాలకుడున్న చోట అతడు సభకు పోయినచో తలుపు మూయవలసి వచ్చును. దారిఖర్చు, రుసుము ఎవరిత్తురను ప్రశ్న తప్పదు. ఇంటినుండియే కంప్యూటరుపై వినదగిన పాఠములు ఈ ఇబ్బందిని కొంత తగ్గించినవి. అయినను చదువుటకు వేళ యెవరో ఈయవలెను గదా! గ్రంథముల కొనుగోలునకు జమాఖర్చులో పద్దు వ్రాయు సంస్థ, గ్రంథపాలకుని చదువునకును ఒక పద్దు వ్రాయుట న్యాయము. ఆ పద్దు లేనిచో మొదటి పద్దు వలన ఫలము సగమే.

ఈ దేశమున ఈ విషయము క్రొత్తది కాదు. 1929లో మద్రాసు గ్రంథాలయ సంఘము పక్షమున రంగనాథనుగారు గ్రంథపాలకుల శిక్షణమును ప్రారంభించిరి. తెలుగుజిల్లాలు పెక్కు నాడు ఆ రాజధానిలోనివే. 1931లో వారు ప్రకటించిన పంచసూత్రములలో కడపటిది గ్రంథాలయమును పెరుగుచుండు ప్రాణితో పోల్చినది. గ్రంథాలయము పెరుగుచుండగా గ్రంథపాలకుడు పెరుగక నిలిచిన ఎట్లు?

గ్రామ గ్రంథాలయమునకును ఆరోగ్యమును గూర్చి అడుగువారు వత్తురు. మందు చెప్పుట గ్రంథపాలకుని పని కాదు. పుస్తకము ఏ సంవత్సరమున అచ్చయినదో చూచి ఇచ్చుట, కాలము చెల్లినదానిని అలమారునుండి తొలగించుట, తనకు తెలియనిచో తెలిసినవారి యొద్దకు పంపుట అతని పని. అట్టి నేర్పును ఏటేట పెంచుకొనుటకు ఇచటి గ్రంథపాలకునకు వేళయు, సాయమును కలిగించుట ఈ రజతోత్సవమునకు తగిన కానుక. ఆ సంకల్పము నెఱవేరుగాక! స్వస్తి.