రాతివంతెనకు కవల

రాతివంతెన తన బాధను చెప్పుకొనలేదు. 2016 ఆగస్టు 2వ తేది రాత్రి మహారాష్ట్రములోని మహాడ్ వద్ద, సావిత్రీనది వరదలో, ఆంగ్లేయుల కాలపు కమానుల వంతెన కూలిపోయినది. రెండు ప్రభుత్వ బస్సులు ప్రయాణికులతో సహా కొట్టుకొనిపోయినవి. ఆ సంవత్సరము మే నెలలోనే వంతెనను పరీక్షింపగా దోషమేమియు కానరాలేదని ప్రభుత్వమువారు పిమ్మట తెలిపిరి. కన్ను తాను చూడగలిగినంత చూచినది. కాని వంతెనకు ప్రాణాధారమైన భాగములు చాలవరకు కంటికి అందనిచోట నుండును. వానిని కనిపెట్టు నూతన పద్ధతి నొకదానిని నేడు శ్రోతలకు వివరింప దలచితిమి.

రాయి ఒత్తిడిని ఓర్చును, లాగుడును ఓర్వలేదు. అందుచేతనే పూర్వులు కమానును కట్టిరి. కమానులోని రాళ్లు ఒకదానినొకటి నొక్కుకొనుచు, భారమును స్తంభములకును, స్తంభములు పునాదులకును అందించును. 1578లో మూసీనదిపై కట్టిన పురానాపూల్ నేటికిని నిలిచియుండుటకు ఆధారమైన సూత్రమిదియే. అయితే వరద పునాది క్రింది ఇసుకను కోసివేసినను, అతుకులలోని సున్నమును వాననీరు కరిగించినను, స్తంభము కుంగును; కమానులో పగులు పుట్టును.

ఈ మార్పులను తొలిదశలోనే పసికట్టుటకు ఇంజనీర్లు కంప్యూటరులో వంతెనకొక కవలను సృష్టించుచున్నారు. దీనినే ‘డిజిటల్ ట్విన్’ అందురు. మొదట లేజరు కిరణములతో వంతెన వంపులను, వాలులను సూక్ష్మముగా కొలిచి ప్రతిరూపమును నిర్మింతురు. అంతటితో అది ఛాయాచిత్రము వంటిదే. అసలు వంతెన అనుభవించునది ఎప్పటికప్పుడు తెలిసిననే అది కవల యగును.

ఇంగ్లండులోని లీడ్స్ నగరమున మార్ష్ లేన్ వద్ద 1860వ దశకము నాటి రైలువంతెన యొకటి కలదు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ పరిశోధకులు దాని కమానులకు వెంట్రుకవంటి గాజుతీగలను అమర్చిరి. ఆ తీగలో అక్కడక్కడ అతి సూక్ష్మమైన గీతలుండును. ప్రతి రేడియో కేంద్రమునకును ఒక తరంగమున్నట్లే ప్రతి గీతల గుంపునకును ఒక కాంతితరంగము కలదు. దానిని మాత్రమే అది వెనుకకు పంపును. రైలు పోవునపుడు కమాను సాగినచో తీగయు సాగును. తిరిగివచ్చు తరంగము ఇసుమంత మారును. ఆ మార్పునుబట్టి కమాను ఎంత సాగినదో, ఎంత ముడుచుకొన్నదో లెక్కింతురు.

ఎండకును, చలికిని కూడ రాయి వ్యాకోచించును, సంకోచించును. కావున ఒకనాటి కొలత చాలదు. ఏడాది పొడవున కొలిచిననే ఋతువు తెచ్చిన మార్పేదో, రోగము తెచ్చిన మార్పేదో తేటపడును. కవల లెక్కకును, తీగ కొలతకును పొత్తు కుదరనిచో, లెక్కయైనను తప్పి యుండవలెను, వంతెనయైనను మారి యుండవలెను. ఏది నిజమో వెదకుటయే ఇంజనీరు పని. పునాది మూరెడు కోసుకొనిపోయిన ఏమగునో అసలు వంతెనపై పరీక్షింపలేము. కవలపై ఎన్నిసార్లయినను పరీక్షింపవచ్చును.

ఇంతమాత్రమున మేస్త్రీని మరువరాదు. కవల లెక్క చెప్పునే గాని మరమ్మతు చేయదు. సున్నము రాలినచోట గట్టి సిమెంటు కూరినచో, అది లోపలి తేమను బయటికి పోనీయక చుట్టునున్న రాతిని చెడగొట్టును. అక్కడ మరల సున్నమే వేయవలెను. కమాను సందులో మొలచిన రావిమొక్కను తొలగించుటకు ఏ కంప్యూటరును అక్కరలేదు. ఏటేటా చూచు శ్రద్ధ యున్న చాలును.

వీటన్నిటికంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. యంత్రము అర్ధరాత్రి హెచ్చరించినచో, ఆ క్షణముననే బండ్లను ఆపు అధికారము గల మనిషి యొకడు మేలుకొని యుండవలెను. ఆ ఏర్పాటు లేనినాడు కవల ఎంత నేర్పరియైనను, వంతెన కూలిన పిమ్మట కారణము చెప్పుటకు మాత్రమే పనికివచ్చునని మా అభిప్రాయము.